టాక్సిక్ ఎప్పుడు, మామూలు విషం ఎప్పుడు: పోకెమాన్ పోరులో విషపు మూవ్ ఎంపిక

పోకెమాన్ వీడియో గేమ్‌లలో ఒక్కో పోకెమాన్‌కు నాలుగే మూవ్‌లు, అంటే పోరులో వాడే ఎత్తులు. అందులో ఒకటి దెబ్బ కొట్టని మూవ్‌కు ఇచ్చేస్తే మిగిలేవి మూడే. అందుకని ఎదుటిదానికి విషం ఎక్కించే మూవ్ పెట్టాలా వద్దా, పెడితే ఏది పెట్టాలి అన్నది తేలికగా తీసుకోవలసిన విషయం కాదు. చాలామంది మరో ఆలోచన లేకుండా తీవ్ర విషం ఎక్కించే టాక్సిక్ పెట్టేస్తారు. పాత ఆటల్లో అది ఆరో నంబరు టీఎంగా (మూవ్ నేర్పే వస్తువుగా) దాదాపు ప్రతి పోకెమాన్‌కూ దొరికేది కాబట్టి ఆ అలవాటు పాతుకుపోయింది. నేనైతే మొదట ఒక్కటే చూస్తాను: విషం ఎక్కిన పోకెమాన్ ఎన్ని టర్న్‌లు మైదానంలో నిలబడుతుంది? ఆ అంచనా కుదిరితే మూవ్ ఎంపిక చాలావరకు అదే తేలిపోతుంది.

మూడో టర్న్ దగ్గర మలుపు

రెండో తరం ఆటల నుంచి (కొన్నేళ్లకోసారి వచ్చే కొత్త ఆటల వరుసను తరం అంటారు) మామూలు విషం ప్రతి టర్న్ చివర గరిష్ఠ హెచ్‌పీలో (ప్రాణబలంలో) ఎనిమిదో వంతు తీస్తుంది. టాక్సిక్ ఎక్కించే తీవ్ర విషం మొదటి టర్న్‌లో పదహారో వంతే తీస్తుంది. తర్వాత రెండు వంతులు, మూడు వంతులు, అలా పెరుగుతూ పోతుంది. మామూలు విషం బారువడ్డీ అనుకుంటే, ఇది నెలనెలా రేటు పెంచుకుంటూ పోయే వడ్డీ.

అన్నిటినీ పదహారో వంతుల్లోకి మార్చి కూడితే సంగతి స్పష్టమవుతుంది. మామూలు విషం కింద పోయే మొత్తం వరుసగా 2, 4, 6, 8, 10. టాక్సిక్ కింద 1, 3, 6, 10, 15. అంటే మొదటి రెండు టర్న్‌లలో టాక్సిక్ వెనకబడి ఉంటుంది. మూడో టర్న్ చివర రెండూ సమానం. నాలుగో టర్న్ నుంచి టాక్సిక్‌ది పైచేయి. మరే దెబ్బా తగలకపోయినా, వైద్యమేమీ లేకపోతే టాక్సిక్ ఆరో టర్న్‌లో పడగొడుతుంది, మామూలు విషానికి ఎనిమిది టర్న్‌లు కావాలి. విషం ఎక్కిన టర్న్ కూడా ఈ లెక్కలోకి వస్తుంది.

రెండు దెబ్బల్లో పడిపోయే పోకెమాన్ మీద టాక్సిక్ వేయడం నాకు ఎప్పుడూ నచ్చని పని. అక్కడ మొదటి టర్న్ పదహారో వంతు కోసం ఖర్చయిపోతుంది. అదే టర్న్‌లో నేరుగా కొడితే అంతకు ఎన్నో రెట్లు పోయేది. టాక్సిక్ మీ దెబ్బలకు లొంగని వాటి కోసం.

లెఫ్టోవర్స్ పట్టుకున్న పోకెమాన్ విషయంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఆ వస్తువు ప్రతి టర్న్ పదహారో వంతు తిరిగి ఇస్తుంది. మామూలు విషం తీసేది ఎనిమిదో వంతు కాబట్టి దాని పనిలో సగం అక్కడికక్కడే రద్దవుతుంది, ఎనిమిది టర్న్‌ల పని దాదాపు రెండింతలు పడుతుంది. టాక్సిక్‌కు మాత్రం ఆ పదహారో వంతు మొదట్లోనే అడ్డు. నాలుగైదు టర్న్‌లు గడిచాక అదొక లెక్కలోకి రాదు.

కోలుకునే గోడల మీద

రికవర్, రూస్ట్, సాఫ్ట్‌బాయిల్డ్ లాంటి మూవ్‌లు ఒక్కసారికి సగం హెచ్‌పీ తిరిగి ఇస్తాయి. ఇలా కోలుకుంటూ దెబ్బలను తట్టుకుని కూర్చునే పోకెమాన్‌నే ఆటగాళ్లు గోడ అంటారు. దానికి మామూలు విషం ఎక్కించారనుకోండి. నాలుగు టర్న్‌లలో పోయింది ఒక్క రికవర్‌తో తిరిగి వస్తుంది. మిగతా మూడు టర్న్‌లు దాని ఇష్టం. దానికి ఇది చిరాకే తప్ప ప్రమాదం కాదు.

టాక్సిక్ ఎక్కితే కథ వేరు. ఎనిమిదో టర్న్‌కు ఒక్కసారి పోయేదే సగం హెచ్‌పీ అవుతుంది. అప్పటికి ప్రతి టర్న్ రికవర్ వాడుతున్నా ఉన్నచోటే ఉంటుంది, ఆ తర్వాత ప్రతి టర్న్ నష్టమే. నిజానికి అంతదాకా ఎవరూ ఆగరు. ఐదో టర్న్ ప్రాంతంలోనే ఎదుటి ఆటగాడు దాన్ని వెనక్కి పిలుస్తాడు. ఒంటరి పోరులో (ఇటు ఒకటి, అటు ఒకటి తలపడేదానిలో) టాక్సిక్ అసలు ఫలితం అదే అని నా అభిప్రాయం. అది పడగొట్టడం కంటే, కదలకుండా కూర్చున్నదాన్ని లేపడం ఎక్కువగా చేస్తుంది. లేచిన క్షణంలో మీకు ఒక టర్న్ దక్కుతుంది. ఆ టర్న్‌లో ఏం చేయాలో ముందే ఆలోచించుకోని జట్టుకు టాక్సిక్ వల్ల పెద్దగా ఒరిగేది ఉండదు.

వెనక్కి పిలిస్తే ఏమవుతుందన్నది మీరు ఆడే ఆటను బట్టి ఉంటుంది. మొదటి రెండు తరాల్లో వెనక్కి వెళ్లిన పోకెమాన్‌కు తీవ్ర విషం కాస్తా మామూలు విషంగా మారిపోయేది. మూడో తరం నుంచి తీవ్ర విషంగానే ఉంటుంది, కానీ లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. అందుకే టాక్సిక్ వేసిన జట్టులో వర్ల్‌విండ్, రోర్ లాంటి తరిమే మూవ్‌లను చూసి వాడాలి. నాలుగు టర్న్‌ల పాటు పెంచిన లెక్కను మీ చేతులతో మీరే చెరిపేసినట్టవుతుంది. ఆ టర్న్‌కు దెబ్బ తగలనివ్వని ప్రొటెక్ట్ మాత్రం దీనికి సరైన జోడీ. దాని వెనక దాక్కున్న ప్రతి టర్న్‌కూ ఎదుటిదాని విషం ఒక మెట్టు ఎక్కుతుంది.

ఇంకో చిన్న లాభం కూడా ఉంది. డ్రాగనైట్‌కు ఉండే మల్టీస్కేల్ ఎబిలిటీ (పోకెమాన్‌కు సొంతంగా ఉండే గుణం) హెచ్‌పీ నిండుగా ఉన్నప్పుడే దెబ్బను సగం చేస్తుంది. ఫోకస్ శాష్ అనే వస్తువు కూడా నిండు హెచ్‌పీ ఉంటేనే కాపాడుతుంది. ఏ విషమైనా ఒక్క టర్న్ పనిచేస్తే చాలు, ఈ రెండు రక్షణలూ పోతాయి.

ఒక్కదానికా, జట్టు మొత్తానికా

టాక్సిక్‌కు నిజమైన పోటీ మామూలు విషం ఎక్కించే పాయిజన్ పౌడర్ కాదు, టాక్సిక్ స్పైక్స్. నాలుగో తరంలో వచ్చిన ఈ మూవ్ ఎదుటివారి నేల మీద విషపు ముళ్లు పరుస్తుంది. ఒక పొర పరిస్తే లోపలికి వచ్చే ప్రతి పోకెమాన్‌కూ మామూలు విషం, రెండు పొరలు పరిస్తే తీవ్ర విషం. గురి తప్పడమన్న మాటే లేదు. వచ్చినవన్నీ విషం పాలవుతాయి. కాగితం మీద చూస్తే ఇదే గెలవాలి.

ఆటలో అంత సులువుగా గెలవదు. ఎగిరే టైప్ (రకం) పోకెమాన్‌కు, గాల్లో తేల్చే లెవిటేట్ ఎబిలిటీ ఉన్నవాటికి ముళ్లు తగలవు. స్టీల్ టైప్‌కు విషమే ఎక్కదు. నేల మీద నిలబడే విషపు టైప్ పోకెమాన్ ఒక్కటి లోపలికి వస్తే పరిచిన పొరలన్నీ పీల్చేసి నేలను శుభ్రం చేస్తుంది, దాని కోసం అది ఒక్క టర్న్ కూడా ఖర్చు పెట్టనక్కరలేదు. ముళ్లను తొలగించే ర్యాపిడ్ స్పిన్, డీఫాగ్ మూవ్‌లు ఎలాగూ ఉన్నాయి. ఎనిమిదో తరంలో హెవీ డ్యూటీ బూట్స్ వచ్చాక ముళ్ల విలువ మరింత తగ్గింది. ఆ బూట్లు తొడిగినది ముళ్ల మీద నడిచినా దానికి ఏమీ కాదు.

నా సలహా ఇది. ఎదుటి జట్టు కనబడినప్పుడు విషపు టైప్, స్టీల్, ఎగిరేవి కలిపి రెండు లేదా అంతకన్నా తక్కువ ఉంటే టాక్సిక్ స్పైక్స్ దిగ్గజంలా పనిచేస్తుంది. మూడు దాటితే దాని మీద పెట్టిన టర్న్‌లు వృథా. అయితే ఎదుటి జట్టు ఏమిటో ముందుగా తెలియదు కదా, మూవ్‌లను అంతకు ముందే నిర్ణయించుకోవాలి. కాబట్టి పొరలు పరచడానికి విడిగా టర్న్‌లు పెట్టనవసరం లేని పోకెమాన్ మీకు ఉంటే ఈ దారి ఎంచుకోండి. తొమ్మిదో తరంలో వచ్చిన గ్లిమ్మోరా అలాంటిదే. దాని టాక్సిక్ డెబ్రిస్ ఎబిలిటీ వల్ల శారీరక దాడి తగిలినప్పుడల్లా ముళ్లు వాటంతటవే పడతాయి. అలాంటిది లేనప్పుడు, ఒకే ఒక్క గోడ మీ జట్టును అడ్డుకుంటోందని తెలిసినప్పుడు టాక్సిక్‌నే నమ్ముకోవడం మేలు.

రెండు పొరల కోసం పట్టుబట్టేవారు ఒక సంగతి మరచిపోతుంటారు. పోకెమాన్‌లను తరచూ మార్చే ప్రత్యర్థి మీద రెండో పొర కన్నా ఒక పొరే ఎక్కువ నష్టం చేస్తుంది. ఒక్కొక్కటి రెండు టర్న్‌లకు మించి నిలవనప్పుడు మామూలు విషం 4 వంతులు తీస్తే తీవ్ర విషం 3 వంతులే తీస్తుంది. మళ్లీ వచ్చినప్పుడల్లా లెక్క మొదటికే. నిలకడగా కూర్చునే జట్ల మీదే రెండో పొర.

మిగతా విషాలు

పాయిజన్ పౌడర్ గురి 75 శాతం. నాలుగింట ఒకసారి తప్పుతుంది, ఎక్కినా మామూలు విషమే. ఆరో తరం నుంచి గ్రాస్ టైప్ మీద అసలు పనిచేయదు, సేఫ్టీ గాగుల్స్ పెట్టుకున్నవాటి మీదా పనిచేయదు. కథ మొదట్లో ఆడ్డిష్ లాంటివి నేర్చుకుంటాయి కాబట్టి అక్కడ వాడుకోవచ్చు, తర్వాత ఆ చోటును ఇంకో మూవ్‌కు ఇచ్చేయండి.

పాయిజన్ గ్యాస్ కథ కొంచెం మారింది. తొలి నాలుగు తరాల్లో గురి 55 శాతం ఉండి దాదాపు పనికిరాకుండా ఉండేది. ఐదో తరంలో 80కి, ఆరో తరంలో 90కి పెరిగింది. పైగా ఐదో తరం నుంచి జంట పోరులో ఎదుటి రెండిటికీ ఒకేసారి తగులుతుంది. ఇద్దరికీ మొదటి టర్న్ నుంచే ఎనిమిదో వంతు పోతుందన్నది చూడడానికి బాగుంటుంది. జంట పోరులో మాత్రం ఆట చాలా త్వరగా తేలిపోతుంది. విషం పండేలోపు మీవే రెండు పడిపోతాయి. అక్కడ విషాన్ని స్వయంగా నష్టంగా కాక, మరో దెబ్బకు ముందడుగుగా చూస్తేనే అర్థం ఉంటుంది. వెనోషాక్ బలం 65, విషం ఎక్కినదాని మీద అది 130 అవుతుంది. హెక్స్ కూడా ఎదుటిదానికి ఏ స్టేటస్ (విషం, కాలిన గాయం లాంటి స్థితి) ఉన్నా బలం రెట్టింపు చేసుకుంటుంది.

టాక్సపెక్స్ అనే పోకెమాన్ వాడే బేన్‌ఫుల్ బంకర్ నాకు ఇష్టమైనది. ప్రొటెక్ట్ లాగా కాపాడుతూనే, ముట్టుకుని దాడి చేసినదానికి విషం ఎక్కిస్తుంది. ఎక్కేది మామూలు విషమే, కానీ దాని కోసం విడిగా టర్న్ ఖర్చు కాలేదు. ఏరియడోస్ టాక్సిక్ థ్రెడ్ విషంతో పాటు వేగం కూడా ఒక మెట్టు తగ్గిస్తుంది. వినడానికి బాగుంది, మోసేది బలహీనమైన ఏరియడోస్ కావడమే చిక్కు.

విషమా, కాలిన గాయమా

పోకెమాన్‌కు ఒకసారికి ఒకే స్టేటస్ ఉంటుంది. విషం ఎక్కినదాన్ని కాల్చలేరు, కాలినదానికి విషం ఎక్కించలేరు. అందువల్ల టాక్సిక్, కాల్చే మూవ్ అయిన విల్-ఓ-విస్ప్ రెండూ ఒకే జట్టులో ఉండవచ్చు గానీ, ఒకే లక్ష్యం మీద ఒకదాన్ని ఎంచుకోవలసిందే. అన్నిటికన్నా కష్టమైన పోలిక ఇదే.

కాలిన గాయం శారీరక దాడి నష్టాన్ని సగం చేస్తుంది. దాని సొంత నష్టం రెండో తరం నుంచి ఆరో తరం దాకా ఎనిమిదో వంతు. ఏడో తరం నుంచి పదహారో వంతే. అంటే 2016లో సన్, మూన్ ఆటలు వచ్చాక విల్-ఓ-విస్ప్ నష్టం చేసే మూవ్ అన్న పేరు పోగొట్టుకుంది. ఇప్పుడు అది రక్షణ మూవ్. గురి 85 శాతం.

గార్చాంప్ లాంటి శారీరక దాడి చేసేదాని మీద నేను విల్-ఓ-విస్ప్‌కే ఓటు వేస్తాను. విషం ఎక్కిన గార్చాంప్ ఆరు టర్న్‌లలో పడిపోతుందేమో, ఆలోగా మీ జట్టులో రెండిటిని తీసుకుపోతుంది. కాలిన గార్చాంప్ మాత్రం ఆ క్షణం నుంచే సగం ప్రమాదం. ప్రత్యేక దాడి చేసేవాటి మీద, దాడే చేయకుండా కూర్చునే గోడల మీద కాలిన గాయం వల్ల లాభం చాలా తక్కువ. అక్కడ టాక్సిక్. స్వోర్డ్స్ డ్యాన్స్‌తో శారీరక బలం పెంచుకునేదా, కామ్ మైండ్‌తో ప్రత్యేక బలం పెంచుకునేదా అని చూసుకోండి. మొదటిదానికి మంట, రెండోదానికి విషం.

రెస్ట్ ఉన్న సూయిక్యూన్ లాంటివి ఈ సూత్రాన్ని కాస్త చెడగొడతాయి. నిద్రపోయి లేచేసరికి విషం పోతుంది, హెచ్‌పీ నిండుతుంది. అయినా అది నిద్రపోయే టర్న్‌లు మీవి. ఆ సమయంలో దాన్ని కొట్టగల పోకెమాన్ మీ దగ్గర ఉంటే టాక్సిక్ దండగ కాదు.

పక్షవాతం తెచ్చే థండర్ వేవ్ వేరే అవసరానికి. ఏడో తరం నుంచి వేగాన్ని సగం చేస్తుంది, నాలుగింట ఒకసారి కదలనివ్వదు, గురి 90 శాతం. గ్రౌండ్ టైప్ మీద పనిచేయదు, ఆరో తరం నుంచి ఎలక్ట్రిక్ టైప్ మీద కూడా పనిచేయదు. మీ జట్టు నెమ్మదిగా ఉండి ఎదుటివారి వేగమే మిమ్మల్ని ఓడిస్తోంటే విషం గురించి చదవడం ఆపి అది పెట్టుకోండి. ప్రతి టర్న్ హెచ్‌పీ పీల్చే లీచ్ సీడ్ అసలు స్టేటస్సే కాదు, కాబట్టి టాక్సిక్‌తో కలిపి వాడవచ్చు. మొదటి తరం ఆటల్లో ఈ రెండూ ఒకే లెక్కను పంచుకునేవి, టాక్సిక్ పెరిగేకొద్దీ లీచ్ సీడ్ పీల్చేది కూడా పెరిగేది. ఆ లోపం తర్వాత సరిచేశారు, పాత ఆట ఆడేవారు ఇప్పటికీ దానితో పండగ చేసుకోవచ్చు.

ఎవరి మీద వేయకూడదు

విషపు టైప్, స్టీల్ టైప్ అందరికీ తెలిసినవే. వాటిని దాటాలంటే కరోజన్ ఎబిలిటీ కావాలి. సాలాజిల్‌కు అది ఉంది, గ్లిమ్మోరాకు దాగిన ఎబిలిటీగా ఉంది. విషపు గోడలను, ఉక్కు గోడలను నిలబెట్టి ధీమాగా ఉండే జట్టుకు టాక్సిక్ ఉన్న సాలాజిల్ నిజంగా తలనొప్పి. అయినా గోల్డెంగో మీద మాత్రం అదీ పారదు, దాని గుడ్ యాజ్ గోల్డ్ ఎబిలిటీ స్టేటస్ మూవ్‌లన్నిటినీ ఆపేస్తుంది.

అంతకంటే ప్రమాదం, విషాన్ని ఇష్టపడేవాటితో. గ్లైస్కోర్, బ్రెలూమ్‌లకు పాయిజన్ హీల్ ఉంటే విషం వాటికి ప్రతి టర్న్ ఎనిమిదో వంతు హెచ్‌పీ ఇస్తుంది. కాంకెల్‌డర్, హెరాక్రాస్ లాంటివాటికి గట్స్ ఉంటే దాడి ఒకటిన్నర రెట్లవుతుంది. మిలోటిక్ మార్వెల్ స్కేల్ వల్ల దాని రక్షణ పెరుగుతుంది. క్లెఫేబుల్‌కు మ్యాజిక్ గార్డ్ ఉంటే విషం ఎక్కినా నష్టం లేదు. నేచురల్ క్యూర్ ఉన్న బ్లిస్సీ వెనక్కి వెళ్లగానే శుభ్రపడుతుంది. మ్యాజిక్ బౌన్స్ ఉన్నవి మీ టాక్సిక్‌ను మీకే తిప్పి పంపుతాయి. వీటిలో ఏదైనా ఎదుటి జట్టులో కనబడితే అది లోపలికి రాగలదా అని ఆలోచించాకే మూవ్ నొక్కండి. సబ్‌స్టిట్యూట్ (తన బదులు నిలబెట్టే బొమ్మ) వెనక ఉన్నదాని మీద టాక్సిక్ వేయడం ఒక టర్న్ బహుమతిగా ఇవ్వడమే.

మీరు ఆడేది ఏ ఆట

టాక్సిక్ గురి నాలుగో తరం దాకా 85 శాతం, ఐదో తరం నుంచి 90. ఆరో తరం నుంచి విషపు టైప్ పోకెమాన్ వాడితే ఎప్పుడూ తప్పదు. అందువల్ల కొత్త ఆటల్లో టాక్సిక్ మోయడానికి ముందుగా విషపు టైప్‌నే చూడాలి. పదింట ఒకసారి తప్పడం చిన్నదిగా అనిపించినా, మొత్తం పది పీపీ (అంటే పది సార్లు వాడే వీలు) మాత్రమే ఉన్న మూవ్‌కు అది తక్కువేమీ కాదు.

దొరకడం కూడా మారింది. ఏడో తరం దాకా ఎవరికి కావాలంటే వారికి నేర్పించవచ్చు కాబట్టి, "నాలుగో మూవ్ ఏం పెట్టను" అనిపించినప్పుడు టాక్సిక్ పెట్టడం తప్పేమీ కాదు. 2019 నాటి స్వోర్డ్, షీల్డ్‌లలో దాని టీఎం తీసేశారు. 2023లో స్కార్లెట్, వయొలెట్‌లకు వచ్చిన అదనపు భాగంతో టీఎం తిరిగి వచ్చింది గానీ నేర్చుకోగలిగేవి పరిమితం. ఇప్పుడు టాక్సిక్ ఉన్నదాన్ని ఎంచుకుంటే ఆ మూవ్ కోసమే ఎంచుకున్నట్టు. గ్లైస్కోర్ ఇక్కడ బాగా కుదురుతుంది. టాక్సిక్ ఆర్బ్ అనే వస్తువుతో తనకు తాను విషం ఎక్కించుకుని కోలుకుంటూ, ప్రొటెక్ట్‌తో టర్న్‌లు గడుపుతూ, ఎదుటిదాని విషం పెరగడాన్ని చూస్తూ కూర్చుంటుంది. అది విషపు టైప్ కాదు కాబట్టి ఆ పది శాతం తప్పే అవకాశం మాత్రం మిగిలే ఉంటుంది.

కథ మాత్రమే ఆడేవారికి నేను వేరేగా చెబుతాను. అక్కడి శిక్షకులు పోకెమాన్‌లను అరుదుగా మారుస్తారు, టాక్సిక్ లెక్క చెడదు. కానీ పెద్ద శిక్షకులు ఫుల్ రిస్టోర్ వాడితే హెచ్‌పీతో పాటు విషమూ పోతుంది, మీ నాలుగు టర్న్‌లూ పోతాయి. మీకంటే స్థాయిలో చాలా పైనున్న ఒకే ఒక్క పోకెమాన్‌ను దాటలేక ఆగిపోయినప్పుడు తప్ప కథలో టాక్సిక్ అవసరం రాదు. మొదటి తరంలో జిమ్ నాయకుడు కోగాను ఓడిస్తే ఆ టీఎం చేతికి వస్తుంది. అక్కడి నుంచి అలాంటి సందర్భం కోసం దాచుకోండి.

అడవి పోకెమాన్‌ను పట్టుకోవడానికి మాత్రం విషం వద్దు. మూడో తరం నుంచి విషం, పక్షవాతం, కాలిన గాయం మూడూ పట్టుబడే అవకాశాన్ని ఒకటిన్నర రెట్లే పెంచుతాయి. నిద్ర అంతకన్నా ఎక్కువ పెంచుతుంది. లాభం సమానమే అయినప్పుడు, బంతులు విసురుతుండగా హెచ్‌పీ తగ్గిస్తూ పోయి మీరు వెతుక్కుంటూ వచ్చినదాన్నే పడగొట్టే స్టేటస్‌ను ఎంచుకోవడానికి కారణం లేదు. నిద్రపుచ్చే మూవ్ ఉంటే అది, లేకపోతే థండర్ వేవ్. అదీ పనిచేయని గ్రౌండ్ టైప్ ఎదురైతే ఏ స్టేటస్సూ లేకుండానే బంతి విసరండి.